బెయిల్ వచ్చినా కొందరు జైల్లోనే ఎందుకు ఉండిపోతారు?

చాలాసార్లు కారణం, జామీను పెట్టేవాళ్లు దొరక్కపోవడం. పాలమూరు నుంచో ఒడిశా నుంచో కూలిపనికి హైదరాబాద్ వచ్చిన మనిషిని ఇద్దరు జామీనుదారుల్ని తెమ్మంటే ఎవరినడుగుతాడు? ఇంటి పన్ను రశీదున్న చుట్టం అతనికెక్కడ? చంచల్‌గూడ జైలు దగ్గర ములాఖత్ కోసం నిలబడ్డ తల్లుల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. నేరం రుజువు కాలేదు, శిక్ష మాత్రం ఇంటిల్లిపాదికీ మొదలైపోయింది.

ఈ సంగతి కోర్టులకు కొత్త కాదు. బిహార్ జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గిన విచారణ ఖైదీల విషయంలో, 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసులో, సత్వర విచారణ రాజ్యాంగంలో ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణనిచ్చే 21వ అధికరణం కిందికొచ్చే హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. సొంత పూచీకత్తు మీద వదలొచ్చనీ అంది. 2023లో ఇంకో అడుగు వేసింది: నెలలోగా జామీను పెట్టలేకపోతే షరతులు సడలించాలేమో కోర్టే తనంతట తాను చూడవచ్చు. నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, తెలిసినవాళ్లే తక్కువ.

మీవాళ్లెవరైనా ఇలా లోపల ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయసాయం హక్కు. జైలు అధికారుల ద్వారా కూడా అర్జీ పంపొచ్చు.