30కి 15 వస్తే కేసు ఆగిపోయినట్టేనా?

ప్రశ్న: మా తమ్ముడికి 38 ఏళ్లు. స్కిజోఫ్రీనియా ఉంది. కొట్లాట కేసులో విచారణ తట్టుకునే స్థితిలో లేడని కోర్టు వైద్యానికి పంపింది. ఆసుపత్రిలో జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే 30కి 15 వచ్చాయట. రెండో తరగతితో బడి మానేశాడు. ఇక కేసు ఎప్పటికీ నడవదా?
– ఒక సోదరి, టెక్కలి

జవాబు: ఆ 15 ఒక్కటే చూసి ఏ కోర్టూ తేల్చదమ్మా. కోర్టుకు కావలసింది వేరు. తన మీద పెట్టిన కేసేమిటో తెలుసా? జడ్జి ఎవరో, తన ప్లీడరు ఎవరో చెప్పగలడా? జరిగింది ప్లీడరుకు చెప్పుకోగలడా? సాక్షి అబద్ధమాడితే పట్టుకోగలడా? వీటికి మార్కుల పరీక్షలో జవాబు దొరకదు.

మరి ఆ పరీక్ష ఎందుకంటే, మందులు పడ్డాక చెవిలో మాటలు, అనుమానాలు తగ్గి మనిషి బాగుపడ్డట్టే కనిపిస్తాడు. కానీ ఈ జబ్బులో జ్ఞాపకం, ఏకాగ్రత చాలామందికి అంతగా తేరుకోవు. ప్లీడరు పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తులేకపోతే విచారణ ఎలా సాగుతుంది? ఆ లోటు ఉందో లేదో ముందే పట్టడానికే ఇది.

సాధారణంగా పెట్టేది ఎం.ఎం.ఎస్.ఇ. అనే 30 మార్కుల మతి పరీక్ష. తేదీ, వారం, ఊరు వగైరాలకు 10 మార్కులు. మూడు మాటలు చెప్పి వెంటనే అనిపిస్తే 3, కాసేపాగి అడిగితే 3. వందలోంచి ఏడేసి చొప్పున అయిదుసార్లు తీసేస్తూ పోతే 5. వస్తువుల పేర్లు, విన్న వాక్యం తిరిగి అనడం, చెప్పింది చేయడం, చదవడం, రాయడం, బొమ్మ గీయడం కలిపి మిగతా 9. రెండో తరగతి చదివిన మనిషికి తీసివేతలో 5, చదవడం, రాయడం, బొమ్మల్లో ఒక్కొక్కటి, మొత్తం 8 మార్కులు జబ్బుతో పనిలేకుండానే పోవచ్చు. నెలల తరబడి లోపలున్నవాడికి తేదీ తెలియకపోతే అదీ వింత కాదు. కాబట్టి ఎన్ని వచ్చాయని కాక, ఎక్కడ పోయాయని అడగండి. మూడు మాటలూ వెంటనే అనేసి, కాసేపటికి ఒక్కటీ చెప్పలేకపోతే అది పట్టించుకోవలసిన లోపం. చదువు రానివారికి తీసివేత బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పించే పరీక్షలున్నాయి. మళ్లీ పెట్టమని కోరండి.

అప్పుడు కళ్లజోడు, వాడుతున్న మాత్రల అట్టలు, బడి రికార్డు, ఉంటే సదరం సర్టిఫికెట్ అందించండి. లోపం చిన్నప్పటిదా, తర్వాత వచ్చిందా అన్నది బడి రికార్డే చెబుతుంది. వణుక్కి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, నిద్రమాత్రలు జ్ఞాపకాన్ని దెబ్బతీస్తాయి. మీ అంతట మీరు ఆపించకండి, మోతాదు సంగతి డాక్టరును అడగండి.

సైకియాట్రిస్టు రిపోర్టు మీద అభ్యంతరముంటే మెడికల్ బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. ఆసుపత్రిలో ఉంచనక్కర్లేదని తేలి, ఓపీలో వైద్యం చేయిస్తామని, ఎవరికీ హాని జరగనివ్వమని బంధువులు హామీ ఇస్తే, బెయిలు రాని కేసులో కూడా కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బి.ఎన్.ఎస్.ఎస్. 369వ సెక్షన్ కింద కోర్టు విడుదల చేయవచ్చు. 2024 జూలై 1కి ముందు నుంచి నడుస్తున్న విచారణ అయితే దాని స్థానంలో ఇదివరకున్న పాత చట్టం సీఆర్‌పీసీ 330వ సెక్షన్ చూడాలి. ఆసుపత్రి రిపోర్టులు కోర్టుకు వెళ్తున్నాయో లేదో ప్లీడరు చేత కనుక్కుంటూ ఉండండి. ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుందంటే, అస్సాంలో మచల్ లాలుంగ్ అనే ఆయన 1951లో అరెస్టయి, విచారణే లేకుండా 2005 దాకా లోపలే ఉండిపోయాడు. ప్లీడరును పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఫోను 15100.

ప్రశ్న: మా నాన్నగారు కిడ్నీ రోగి, డయాలసిస్ మీద ఉన్నారు. గట్టు తగాదా కేసులో మతి పరీక్షకు తీసుకెళ్తే, డాక్టరు రక్తపరీక్షలు రాసి మరో రోజు రమ్మన్నారు. కావాలని సాగదీస్తున్నారా?
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: లేదు, ఆయన చేసిందే సరైన పని. ఉద్దానం నుంచి వచ్చే మనిషికి ముందు క్రియాటినిన్, యూరియా, సోడియం చూడకుండా మతి పరీక్ష పెడితే కిడ్నీ జబ్బుకు మతిమరుపు పేరు పడుతుంది. రక్తంలో యూరియా పేరుకుంటే మనిషి మగతగా, తికమకగా ఉంటాడు. డయాలసిస్ జరుగుతుండగా బుర్ర ఇంకా మందగిస్తుంది. అందుకే యంత్రం మీద ఉన్నప్పుడు కాక మర్నాడు పెట్టడం మేలు. థైరాయిడ్, బి12 విటమిన్ కూడా చూపించండి. ఇవి తక్కువైనా జ్ఞాపకం తగ్గుతుంది, మందులతో చాలావరకు సరిచేయొచ్చు.

ప్రశ్న: ముద్దాయి నటిస్తున్నాడేమో ఎలా తెలుస్తుంది?
– న్యాయ విద్యార్థి, విజయనగరం

జవాబు: 50 బొమ్మలు చూపించి, తర్వాత రెండేసి బొమ్మలు పెట్టి ఇందాక చూసిందేదని అడిగే పరీక్ష ఒకటుంది. కళ్లు మూసుకుని చూపించినా సుమారు 25 ఒప్పవుతాయి. అంతకన్నా బాగా తక్కువ వచ్చాయంటే, సరైనదేదో తెలిసే తప్పు చూపిస్తున్నాడని అనుమానించాలి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు), మేధో వైకల్యం ఉన్నవారికి నటన అని తేల్చే మామూలు మార్కుల హద్దులు (కటాఫ్‌లు) పనికిరావు. నటన అనేముందు భాష కూడా చూడండి. సీతంపేట వైపు సవర మాట్లాడేవారికి, ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లవారికి పుస్తకాల తెలుగులో ప్రశ్నలు వేస్తే తెల్లముఖం వేస్తారు. ఎస్కార్టు కానిస్టేబుల్ చేత తర్జుమా చేయించడం మరీ అన్యాయం.

ప్రశ్న: విచారణకు అర్హుడు కాడంటే నిర్దోషి అనేనా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: కాదు. నేరం జరిగిన వేళ మతి ఎలా ఉందన్నది నేరాలు, శిక్షల కొత్త చట్టం బి.ఎన్.ఎస్. 22వ సెక్షన్ సంగతి. విచారణకు అర్హత అన్నది ఇవాళ్టి మతి సంగతి. కోలుకున్నాక విచారణ మళ్లీ మొదలవుతుంది.