పీరియడ్ లెక్క తప్పిందని మ్యాథ్స్ వదిలేస్తారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా గుంటడు ప్లస్ టూ సైన్సు మొదటి సంవత్సరం. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చెయ్యాలని వాడి ఆశ. కానీ ట్రిగనామెట్రీలో పీరియడ్ (ప్రమేయం విలువలు ఎంత దూరానికొకసారి మళ్లీ అలాగే వస్తాయో ఆ దూరం) కనుక్కునే లెక్కలు ఎప్పుడు చేసినా తప్పుతున్నాయట. మ్యాథ్స్ తనకు రాదని, డిగ్రీలో ఇంకేదైనా చూసుకుంటానని అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తొందరపడకండమ్మా. ఎలక్ట్రికల్ కావాలనుకునే పిల్లాడికి ఇది దాటవేసే పాఠం కాదు. మీ ఇంటికొచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 తరంగాలు. దాన్ని సైన్ ప్రమేయంగా రాస్తే కాలం పక్కన ఉండే గుణకం 100π. 2πని దాంతో భాగిస్తే 0.02 సెకను, అంటే ఒక తరంగం పూర్తయ్యే సమయం. బాబు చేస్తున్న లెక్క అదే!

సైన్, కాస్‌లకు 2π, టాన్‌కు π, గుణకంతో భాగించాలి. ఇంతవరకు వచ్చే ఉంటుంది. చాలామంది బోల్తా పడేది రెండు ప్రమేయాలను కలిపిన చోట. సైన్ 2ఎక్స్‌కు π, కాస్ 3ఎక్స్‌కు 2π/3, క.సా.గు. 2π, అదే జవాబు. ఇదే పద్ధతి సైన్ ఎక్స్, కాస్ ఎక్స్‌ల మాడ్యులస్‌ల (మైనస్ గుర్తు తీసేసిన విలువల) మొత్తానికి వాడితే π వస్తుంది. అది తప్పు. ఎక్స్‌కు π/2 కలిపి చూడమనండి: సైన్ కాస్ అవుతుంది, కాస్ మైనస్ సైన్ అవుతుంది, ఆ మైనస్‌ను మాడ్యులస్ మింగేస్తుంది. మొత్తం మారలేదు కాబట్టి జవాబు π/2. క.సా.గు. వచ్చాక దాంట్లో సగం పనిచేస్తుందేమో చూడటం అలవాటైతే సగం తప్పులు పోతాయి. గ్రాఫులు మాత్రం చేత్తోనే గియ్యాలి, వీడియో చూస్తే సరిపోదు.

అభ్యాసానికి ఏపీ ఈఏపీసెట్ పాత పేపర్లు మంచివి. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి, నెగెటివ్ మార్కులు లేవు. ఆ తర్వాత జేఈఈ మెయిన్ పేపర్లు పట్టుకోవచ్చు. అక్కడ తప్పుకు ఒక మార్కు పోతుంది, మూడోవంతు మార్కులు మ్యాథ్స్‌వే. ఒడిశాలో బీటెక్ సీట్లకు ప్రధానంగా చూసేదీ ఆ ర్యాంకునే.

జేఈఈ మెయిన్ తెలుగు పేపరు ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. బాబుకు తెలుగులో చదివితేనే బాగా అర్థమవుతుందనుకుంటే దరఖాస్తులో ఒడిశా కేంద్రం కాకుండా శ్రీకాకుళం లాంటిది పెట్టుకోండి. ఇంగ్లీషు ఇబ్బంది లేకపోతే ఆ ప్రయాణం అక్కర్లేదు.