సైన్స్ వార్తల్లో దేనికి ఎంత విలువ ఇవ్వాలి?

ఇటీవలి పరిశోధనల్లో నిజంగా గుర్తుంచుకోదగ్గవి ఏవని, రోజూ వెల్లువెత్తే ఆవిష్కరణల వార్తల్లో గట్టివాటిని ఎలా పోల్చుకోవాలని మీరు అడిగారు. కొన్నేళ్లుగా సామాన్య పాఠకుల కోసం విజ్ఞాన వ్యాసాలు రాస్తున్నాను. ఆ పని కోసం మూల పరిశోధనా పత్రాలను, వాటిపై వచ్చిన అభ్యంతరాలను, ఆ అభ్యంతరాలకు ఇచ్చిన జవాబులను వరుసగా చదవడం అలవాటైంది. దానివల్ల నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే: మొదటి ప్రకటన ఎంత ఆశ్చర్యకరంగా ఉందన్నదాని కంటే, దాన్ని తప్పని నిరూపించేందుకు ఇతరులు ఏ దారిలో ప్రయత్నించారు, ఆ ప్రయత్నం ఎక్కడ తేలింది అన్నదే ముఖ్యం.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, వైట్ శాండ్స్ అనే చోట ఎండిపోయిన ఒక ప్రాచీన సరస్సు అంచున దొరికిన మానవ పాదముద్రలు. అవి 21,000 నుంచి 23,000 ఏళ్ల నాటివని 2021లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. అమెరికా ఖండాల్లోకి మనుషులు సుమారు 13,000 ఏళ్ల క్రితమే అడుగుపెట్టారని దశాబ్దాల పాటు చెప్పుకున్న చరిత్రకు ఇది చాలా దూరం. అయితే ఆ వయసును కట్టింది పాదముద్రల పొరల్లో దొరికిన రుప్పియా అనే నీటి మొక్క గింజలకు రేడియోకార్బన్ పరీక్ష (మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను బట్టి వయసు కట్టే పద్ధతి) చేసి. వెంటనే వచ్చిన అభ్యంతరం చాలా పదునైనది. నీటిలో పెరిగే మొక్క తనకు కావలసిన కార్బన్‌ను గాలి నుంచి కాక నీటి నుంచి తీసుకుంటుంది. భూగర్భ జలంలో సున్నపురాయి నుంచి కరిగిన అతి పాత కార్బన్ ఉంటే, నిన్న మొన్న మొలిచిన మొక్క కూడా పరీక్షలో వేల ఏళ్ల నాటిదిగా కనిపిస్తుంది.

పరిశోధకులు ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చకుండా, దానికి లొంగని ఆధారాలను వెతికారు. అదే పొరల నుంచి శంఖాకార వృక్షాల పుప్పొడి రేణువులను వేరుచేసి వాటి వయసు కట్టారు. ఆ చెట్లు నేల మీద పెరిగేవి, గాలిలోని కార్బన్‌నే తీసుకునేవి కాబట్టి నీటి సమస్య వాటికి వర్తించదు. కార్బన్‌తో సంబంధమే లేని మరో పద్ధతిలో, క్వార్ట్జ్ రేణువులు చివరిసారి సూర్యకాంతిని చూసి ఎంతకాలమైందో కొలిచారు. 2023లో వెలువడిన ఈ రెండు ఫలితాలూ మొదటి లెక్కతో సరిపోయాయి. 2025లో ప్రాచీన తడినేలల మట్టి మీద చేసిన పరీక్షలు కూడా దాదాపు అదే కాలాన్ని చూపాయి. అన్ని వేల ఏళ్ల క్రితం అక్కడ మనుషులు నడిచి ఉంటే పనిముట్లు, పొయ్యిల ఆనవాళ్లు ఎందుకు దొరకలేదని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు, అడగవలసిన ప్రశ్నే అది. అయినా, ఒకే పొరపాటుకు గురికాలేని మూడు నాలుగు పద్ధతులు ఒకే జవాబు చెప్పినప్పుడు కలిగే నమ్మకం వేరు.

దీనికి భిన్నమైన ముగింపు ఎల్‌కే-99 అనే పదార్థానిది. సాధారణ ఉష్ణోగ్రతలోనే విద్యుత్ నిరోధం లేకుండా పనిచేసే పదార్థాన్ని తయారు చేశామని 2023 జులైలో దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు ప్రకటించగా, కొన్ని వారాల్లోనే ఇతర ప్రయోగశాలలు దాన్ని తయారు చేసి చూశాయి. సుమారు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిరోధం హఠాత్తుగా పడిపోవడానికి కారణం అందులో మలినంగా ఉన్న కాపర్ సల్ఫైడ్ అని తేలింది. మలినం లేని స్ఫటికం విద్యుత్తును దాదాపు ప్రవహింపనివ్వని పదార్థమే.

సామాజిక శాస్త్రాల గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే వాటి ఫలితాలు మన రోజువారీ నిర్ణయాల్లోకి, ప్రభుత్వ పథకాల్లోకి త్వరగా చేరిపోతాయి. మనస్తత్వశాస్త్రంలోని 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన ఒక పెద్ద బృందం 2015లో తన ఫలితాలను ప్రచురించింది. మూల అధ్యయనాల్లో 97 శాతం గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితాన్ని చూపగా, మళ్లీ చేసినప్పుడు 36 శాతమే చూపాయి. తక్కువ మందితో ప్రయోగాలు చేయడం, అనుకూల ఫలితాలనే ప్రచురించడం, లెక్కలు చూశాక విశ్లేషణ పద్ధతిని ఎంచుకోవడం ఇందుకు ప్రధాన కారణాలు. ఇది ఆ శాస్త్రానికి అవమానమని కొందరు అంటారు గాని, నేను ఒప్పుకోను. తన ఇల్లు తానే ఇంత బహిరంగంగా సోదా చేసుకున్న రంగాలు అరుదు. ఆ తర్వాతే, ఫలితం రాకముందే ప్రయోగ పద్ధతిని పరిశీలించి ప్రచురణకు అంగీకరించే విధానాన్ని మరెన్నో పత్రికలు చేపట్టాయి. అందుకే ఇప్పుడు మనస్తత్వశాస్త్ర పత్రం ఏది చేతికొచ్చినా, ఎంతమంది మీద చేశారు, పద్ధతిని ముందే నమోదు చేశారా అన్నవి చూశాకే ముందుకు వెళ్తాను.

సూక్ష్మ రుణాల విషయంలోనూ ఇలాగే జరిగింది. చిన్న అప్పులు పేదరికాన్ని తుడిచేస్తాయన్న ప్రచారం ఎంతో కాలం సాగాక, బోస్నియా, ఇథియోపియా, భారత్, మెక్సికో, మంగోలియా, మొరాకోలలో యాదృచ్ఛిక ఎంపిక పద్ధతిలో, అంటే అప్పు ఎవరికి అందుబాటులోకి రావాలో లాటరీలా తేల్చి పోల్చే పద్ధతిలో, జరిగిన 6 అధ్యయనాలు 2015లో ఒకేసారి వెలువడ్డాయి. ఆ అప్పులు కొందరికి వ్యాపారాన్ని పెంచుకునే వీలు, ఖర్చుల విషయంలో కొంత వెసులుబాటు కల్పించాయి గాని, సగటు కుటుంబం ఆదాయాన్ని మార్చేంత ప్రభావం ఎక్కడా కనిపించలేదు. ఇంత భిన్నమైన దేశాల్లో ఒకే రకం జవాబు రావడం వల్లే దాన్ని నేను గట్టి ఫలితంగా లెక్కిస్తాను.

ఇంకా తేలనివాటిలో నేను ఆత్రంగా ఎదురుచూస్తున్నది డార్క్ ఎనర్జీ గురించి. విశ్వ విస్తరణను వేగవంతం చేస్తున్న ఈ శక్తి కాలంతో పాటు మారని స్థిరాంకమని ఇన్నాళ్లూ అనుకున్నారు. దాదాపు 1.5 కోట్ల గెలాక్సీలు, క్వేజార్ల (అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాల) దూరాలను కొలిచిన డెసీ అనే ఖగోళ సర్వే, అది కాలక్రమేణా బలహీనపడుతూ ఉండవచ్చని 2025 మార్చిలో సూచించింది. ఏ ఇతర కొలతలతో కలిపి చూస్తామన్నదాన్ని బట్టి ఆ సూచన బలం 2.8 నుంచి 4.2 సిగ్మాల మధ్య ఉంటుంది (సిగ్మాలు పెరిగేకొద్దీ ఫలితం కేవలం యాదృచ్ఛికంగా వచ్చి ఉండే అవకాశం తగ్గుతుంది). భౌతికశాస్త్రంలో ఆవిష్కరణగా అంగీకరించడానికి 5 సిగ్మాలు కావాలి. అంతరిక్షం నుంచి యూక్లిడ్ టెలిస్కోప్, చిలీ నుంచి రూబిన్ అబ్జర్వేటరీ ఇదే ప్రశ్నను వేరే కొలతలతో, వేరే లోపాలకు అవకాశమున్న పద్ధతులతో పరిశీలిస్తాయి. అవి డెసీతో ఏకీభవిస్తాయా లేదా అన్నది తేలేవరకూ దీన్ని ఆవిష్కరణ అని నేను రాయను.