ఆరోగ్యంగా ఉన్న యువ ఫుట్‌బాల్ ఆటగాడు మైదానంలోనే ఎందుకు మరణిస్తాడు?

తరచుగా దీనికి కారణం రక్తనాళం పూడుకుపోయి వచ్చే గుండెపోటు కాదు, జన్యుపరమైన గుండె కండర లోపం వల్ల గుండె లయ ఒక్కసారిగా తప్పిపోవడం. తీవ్రంగా పరుగెత్తేటప్పుడు ఆ కండరంలో విద్యుత్ సంకేతాలు చెదిరి, గుండె కొట్టుకోవడానికి బదులు వణుకుతుంది, దాంతో మెదడుకు రక్తం అందదు. స్పెయిన్‌లోని సెవియా జట్టు ఆటగాడు ఆంటోనియో ప్యూర్టా 2007 ఆగస్టు 25న గెటాఫేతో ఆడుతూ కూలిపోయాడు. లేచి తన కాళ్లమీదే నడిచి వెళ్లినా, దుస్తుల గదిలో మళ్లీ కూలి, మూడు రోజులకు 22 ఏళ్లకే కన్నుమూశాడు. ఎంత చిన్న వయసు! తిరుపతిలో ఆడుకునే పిల్లల్లో ఎవరైనా ఇలా పడితే మూర్ఛ అనుకుని చేతిలో తాళాలగుత్తి పెట్టడం పొరపాటు. స్పృహ, శ్వాస లేకపోతే వెంటనే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి.