ఎమ్మెల్యే ఎన్నిక చెల్లదని హైకోర్టు తీర్పు ఇస్తే, ఓడినవారు ఎమ్మెల్యే అయిపోయినట్టేనా?

తీర్పు చివరి పేరా చదివితే గానీ చెప్పలేం. హైదరాబాద్‌లో ఒక సీనియర్ లాయర్ దగ్గర జూనియర్‌గా ఉన్నప్పుడు ఎన్నికల పిటిషన్ల, అంటే ఎన్నిక చెల్లదంటూ కోర్టులో వేసే కేసుల ఫైళ్లు చూశాను. క్లయింట్లూ ముందుగా అడిగేది ఇదే. గెలిచినవారి ఎన్నిక చెల్లదనడం వేరు, పిటిషనరే గెలిచారని ప్రకటించడం వేరు. మొదటిది మాత్రమే ఉంటే సీటు ఖాళీ అయినట్టు. రెండోది కావాలంటే పిటిషన్‌లోనే అడగాలి, ప్రజాప్రాతినిధ్య చట్టం 101వ సెక్షన్ ప్రకారం నిరూపించాలి.

2023లో తెలంగాణ హైకోర్టు రెండూ చేసింది. జులై 25న కొత్తగూడెంలో వనమా వెంకటేశ్వరరావు ఎన్నిక కొట్టేసి జలగం వెంకట్రావును, ఆగస్టు 24న గద్వాలలో బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి ఎన్నిక కొట్టేసి డీకే అరుణను ఎమ్మెల్యేలుగా ప్రకటించింది. అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు పూర్తిగా చూపలేదన్నదే రెండు చోట్లా కారణం. ఆగస్టు 7న ఒకదానిపై, సెప్టెంబర్ 11న రెండోదానిపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నవంబర్ 30న కొత్త ఎన్నికలే వచ్చేశాయి.

నా బాధంతా ఇక్కడే. ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టమే చెబుతుంది. ఈ రెండింటికీ నాలుగున్నరేళ్లు పట్టింది. ఎందుకింత ఆలస్యమో దగ్గరుండి చూశాను. పిటిషన్ ప్రతి కాపీ నిజమైన నకలేనని పిటిషనర్ స్వయంగా సంతకం చేయాలి. ఒక కాపీలో సంతకం సరిగా లేదంటూ అవతలివాళ్లు అభ్యంతరం పెడితే అసలు కేసు పక్కకుపోయి దానిమీదే వాయిదాలు నడుస్తాయి. ఆ తర్వాత బ్యాంకు ఖాతాల రికార్డులు తెప్పించాలి, సాక్షుల్ని పిలవాలి. ఓటరు దృష్టిలో ఇది అన్యాయం. తప్పు జరిగిందో లేదో పదవీకాలం ఉండగా తేలాలి కదా.

ఇంకో మాట. పోటీలో ఎందరో ఉన్నచోట రెండో స్థానం వారిని నేరుగా కూర్చోబెట్టడం నాకు మింగుడుపడదు. గెలిచినవారికి పడ్డ ఓట్లన్నీ ఎటు పోయేవో ఎవరు చెప్పగలరు? ఉప ఎన్నికే మేలు.

స్టే అన్నా ఒకే తీరుగా ఉండదు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక రద్దు చేస్తే, సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన స్టేలో సభకు వెళ్లొచ్చు గానీ ఎంపీగా ఓటు వేయకూడదని షరతు ఉంది.

కాబట్టి మీ నియోజకవర్గం తీర్పులో ముందు చివరి పేరా చూడండి. సుప్రీంకోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు. స్టే వస్తే దాని షరతులు చదవండి. ఇప్పటిదాకా ఆ ఎమ్మెల్యే సభలో వేసిన ఓట్లు మాత్రం రద్దు కావు.