మూడో తరగతికి వచ్చినా కూడబలుక్కునే చదువుతున్నాడు.. ఏం చేయాలి?

డాక్టర్ సలహా

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్లు నిండాయి. ఇంగ్లిష్ మీడియంలో మూడో తరగతి. లెక్కలు చకచకా చేస్తాడు. కథ ఒకసారి చెబితే పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు. పుస్తకం తీస్తే మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు. ఒత్తులు వదిలేస్తాడు, 'పలక'ను 'వలక' అంటాడు. ఇంగ్లిష్‌లో అయితే మొదటి అక్షరం చూసి నోటికొచ్చిన మాట చెప్పేస్తాడు. ఏడాదిగా ట్యూషన్ పెట్టించాం, ప్రతి పాఠం పదిసార్లు రాయిస్తున్నాం. మార్పు లేదు. వాళ్లక్క ఐదేళ్లకే పేపరు చదివేది. వీడి కళ్లలో లోపమా? ఎడమ చేత్తో రాస్తాడు, దానివల్లనా? జ్ఞాపకశక్తికి మందులేమైనా ఉన్నాయా?
- ఒక తల్లి, కావలి

జవాబు: మీరు రాసినదాన్నిబట్టి బాబు తెలివికి లోటేమీ కనిపించడం లేదు. లెక్కలు చేసే, విన్న కథ గుర్తుంచుకునే పిల్లవాడు అచ్చులో ఉన్న మాట దగ్గర ఆగిపోతుంటే చిక్కు సాధారణంగా ఒకచోట ఉంటుంది. చెవిన పడే మాటను శబ్దాలుగా విడగొట్టి, ఒక్కో శబ్దాన్ని కంటికి కనిపించే గుర్తుతో జతచేయడం అతనికి కుదరడం లేదు. ఆ జత కుదరకుండా పదిసార్లు రాయిస్తే చెయ్యి నొప్పి పుట్టడమే మిగులుతుంది. చూసి రాసేటప్పుడు పిల్లలు గీతలు దించుకుంటూ పోతారు, శబ్దం తలచుకోరు. అందుకని చూచిరాత ఈరోజే ఆపేయండి.

చదివించే పద్ధతి మార్చేముందు చెవి, కన్ను చూపించాలి. చెవి సంగతి చాలామంది తల్లిదండ్రులు 'పిలిస్తే పలుకుతున్నాడు కదా' అని వదిలేస్తారు. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి 25-30 డెసిబెల్స్ వరకు తగ్గవచ్చు. అప్పుడు మాట వినపడుతుంది కానీ ప-బ, త-ద వంటి దగ్గరి శబ్దాల తేడా జారిపోతుంది. నోటితో గాలి పీల్చడం, రాత్రి గురక, టీవీ సౌండ్ పెంచడం ఉంటే మరీ ఆలస్యం చేయొద్దు. నెల్లూరు సర్వజన ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో చూపించి ఆడియోమెట్రీ (వినికిడి కొలిచే పరీక్ష), టింపనోమెట్రీ (కర్ణభేరి కదలిక చూసే పరీక్ష) గురించి అడగండి. కంటికి దూరం చార్టు చదివిస్తే సరిపోదు. దగ్గరి చూపు కూడా చూడాలి, చుక్కల మందు వేసి పవర్ పరీక్షించాలి. పవర్ ఉంటే కళ్లజోడు పెట్టించండి. అయితే 'ప'ను 'వ' అనడం కళ్లజోడుతో పోదు. రంగు అద్దాలు, కంటి వ్యాయామాలతో చదువు వస్తుందనడానికి ఆధారాలు లేవని అమెరికా పిల్లల వైద్యులు, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే ఉమ్మడిగా ప్రకటించాయి.

పాలిపోయినట్టు, నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ చూపించండి. ఈ వయసులో 11.5 గ్రాములకన్నా తక్కువుంటే రక్తహీనత. దానికి చికిత్స చేస్తే ధ్యాస నిలుస్తుంది, కానీ అక్షరాలు ఎవరో ఒకరు నేర్పాల్సిందే. చదవడం నేర్పే సిరప్ ఏదీ లేదు. మెమరీ టానిక్కులకు, మెదడుకు పదును పెడతామనే మిడ్‌బ్రెయిన్ క్లాసులకు దయచేసి డబ్బు పెట్టకండి. ఎడమచేతివాటం లోపం కాదు, దాన్ని అలాగే వదిలేయండి.

ఇక బాబు ఎక్కడ తడబడుతున్నాడో ఇంట్లో మీరే కనిపెట్టవచ్చు. ఒక ఆదివారం పొద్దున అరగంట చాలు.

మొదట పుస్తకం మూసేసి నోటిమాటతో అడగండి. 'నెల్లూరు' అని చెప్పి ముక్కకో చప్పట కొట్టమనండి: నె-ల్లూ-రు, మూడు. 'చిలక'లో 'చి' తీసేస్తే 'లక' అని చెప్పాలి. 'పలక'లో మధ్య ముక్క తీసేస్తే 'పక'. మధ్యది తీయడమే కష్టం, అక్కడ కాస్త ఆలోచించనివ్వండి. ఇలాంటి పది మాటల్లో ఆరేడు కూడా చెప్పలేకపోతే చిక్కు అక్షరాలకన్నా ముందు, శబ్దాల దగ్గరే ఉన్నట్టు.

తర్వాత గుణింతం, వరుస తప్పించి. కాగితం మీద ఒక్క 'కో' రాసి చూపించండి. చాలామంది పిల్లలు పెదవులు కదిలిస్తూ 'క, కా, కి, కీ..' అని మొదటినుంచి పాడుకుంటూ వచ్చి 'కో' దగ్గర ఆగుతారు. గుణింతం వాళ్లకు పాటగా వచ్చింది, గుర్తుగా రాలేదు. ఒక మాటలో మూడు అక్షరాలుంటే మూడుసార్లు ఆ పాట పాడుకోవాలి, ఈలోపు మొదటి అక్షరం మరిచిపోతారు. కూడబలుక్కోవడం చాలావరకు ఇలాగే మొదలవుతుంది.

చివరగా అర్థంలేని మాటలు రాసి చదివించండి: లుతేపి, మిటూక, గొదామి. పాఠం కంఠతా పట్టి గడగడా అప్పజెప్పే పిల్లవాడు కూడా వీటి దగ్గర ఆగిపోతాడు. పాఠంలోని ఒక వాక్యాన్ని చివరిమాటనుంచి వెనక్కి చదివించినా నిజంగా చదువుతున్నాడో, జ్ఞాపకంమీద చెబుతున్నాడో తెలిసిపోతుంది.

నేర్పడానికి రోజుకు 20 నిమిషాలు, వారానికి ఐదు రోజులు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి మిగతా రోజులు వదిలేస్తే ఏమీ నిలవదు. బడినుంచి రాగానే వద్దు, ఏదైనా తిని కాసేపు ఆడుకొని వచ్చాక మొదలుపెట్టండి. మొదటి మూడు నిమిషాలు పైన చెప్పిన నోటిమాటల ఆట. తర్వాత ఐదు నిమిషాలు గుర్తులు, ఏడు నిమిషాలు ఆ గుర్తులతో మాటలు, ఆఖరి ఐదు నిమిషాలు వాక్యాలు.

గుర్తుల దగ్గరే అసలు మార్పు ఉంది. 'క' గుణింతం మొత్తం ఒకేసారి చెప్పించొద్దు. ఒక్క గుడి తీసుకొని అన్ని అక్షరాలకూ తగిలించండి: కి, గి, తి, లి, ని. గుడి ఎక్కడ కనిపించినా 'ఇ' అని నోరు తిరగాలి. అది కుదిరాక గుడిదీర్ఘం, తర్వాత కొమ్ము. కొమ్ము దగ్గర ఒక మెలిక ఉంది. కు, తు, లు లాంటివాటికి అది పక్కన వస్తుంది, పు, ఫు, వులకు కిందికి దిగుతుంది. పక్కన వచ్చేవి ముందు నేర్పి, కిందికి దిగేవి మరో వారం చెప్పండి. వారానికి రెండు మూడు కొత్త గుర్తులకు మించొద్దు. నేర్పిన గుర్తులున్న అక్షరాలను అట్టముక్కల మీద రాసి చూపించండి, పదింట్లో తొమ్మిది ఆగకుండా చెప్పగలిగితేనే ముందుకెళ్లండి.

ప-వ, మ-య, స-న లాంటి జంటల్ని పక్కపక్కన పెట్టి 'ఇది ఏది, అది ఏది' అని అడిగితే తికమక ఇంకా పెరుగుతుంది. ముందు 'ప' ఒక్కదాన్నే వారంపాటు మాటల్లో చదివించి గట్టిపడనివ్వండి, తర్వాత 'వ' తీయండి. రెండూ వచ్చాక తేడా చూపించండి: 'ప' మీద తలకట్టు విడిగా ఉంటుంది, 'వ'లో అక్షరానికి కలిసిపోతుంది. బాబు వేలితో ఆ ఖాళీని ముట్టుకొని చూడమనండి.

ఒత్తులు వదిలేయడం నిర్లక్ష్యం అనుకోకండి. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు, వాటిని కొత్త అక్షరాల్లాగే నేర్పాలి. పిల్లవాడికి తెలిసిన మాటలతో మొదలుపెట్టండి: అమ్మ, అన్న, అత్త, పిల్లి, అయ్య. రెండు వేర్వేరు హల్లులు కలిసే 'పుస్తకం', 'చక్రం' లాంటివి ఆ తర్వాతే. 'భోజనం'ను 'బోజనం' అంటే చదువులో తప్పుగా లెక్కపెట్టొద్దు, పెద్దవాళ్లం కూడా మాట్లాడేటప్పుడు అలాగే అంటున్నాం.

ఇంగ్లిష్‌కు విడిగా మరో పది నిమిషాలు, వీలైతే వేరే పూట పెట్టండి. తెలుగు అక్షరంలో అచ్చు కలిసే ఉంటుంది, 'క' అంటే అందులో 'అ' ఉంది. అదే అలవాటుతో ఇంగ్లిష్ అక్షరాలను 'ప.. ఇ.. న' అని నేర్పితే ఎంత త్వరగా కలిపినా 'పిన్' రాదు. పొల్లుగా, పొట్టిగా పలకాలి: ప్, ఇ, న్. అక్షరం పేరు కూడా మొదట్లో అడ్డమే. 'పీ ఐ ఎన్' అని వల్లించే పిల్లవాడికి వాటిలో 'పిన్' ఎక్కడా వినిపించదు. 26 అక్షరాలూ వరుసగా పట్టుకోకుండా ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరింటి శబ్దాలతో మొదలుపెట్టండి. ఈ ఆరింటితోనే పిన్, టిన్, టిప్, సిట్, ట్యాప్, న్యాప్ అన్నీ చదివేస్తాడు.

కాగితం మీద మూడు గళ్లు గీసి మూడు చింతపిక్కలు ఇవ్వండి. మీరు 'టిన్' అంటే, అతను 'ట్' అంటూ మొదటి గడిలోకి ఒక పిక్క, 'ఇ' అంటూ రెండోది, 'న్' అంటూ మూడోది జరపాలి. తర్వాత వేలితో మూడు గళ్లమీదా గీస్తూ ఒక్క ఊపిరిలో 'టిన్' అనాలి. నాలుగైదు రోజులకు పిక్కల స్థానంలో అక్షరాల అట్టముక్కలు పెట్టండి. మాట చివర మనం అలవాటుగా చేర్చే 'ఉ'ను కనిపెట్టుకొని ఉండండి. 'కప్'ను 'కప్పు' అని పలికితే పిల్లవాడు లేని నాలుగో శబ్దానికి అక్షరం వెతుక్కుంటాడు. 'పుట్', 'బట్' లాంటివాటిలో ఒకే 'యూ' అక్షరానికి రెండు శబ్దాలున్నాయి. అలాంటి మాటలు ఇప్పుడే తేవద్దు.

మొదటి అక్షరం చూసి ఊహించి చెబితే 'తప్పు' అని అరవకండి, మాట మీరే అందించకండి. ఐదు సెకన్లు ఆగండి. ఆగిన అక్షరం కింద వేలు పెట్టి ఆ ఒక్క శబ్దం చెప్పండి, మాట మొత్తం అతనే మొదటినుంచి చదవాలి. బొమ్మ చూసి మాట ఊహిస్తుంటే బొమ్మను అట్టముక్కతో మూయండి. ఇచ్చిన పుస్తకంలో 50 మాటలకు ఐదుకు మించి తప్పులు పోతుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం. ఒకటో తరగతి వాచకం తీయడానికి సిగ్గుపడనక్కర్లేదు. అక్కతో పోల్చడం మాత్రం ఇంట్లో ఎవరూ చేయకుండా చూడండి. పొద్దున్నే కడుపునొప్పి అని బడికి మారాం చేస్తున్నాడంటే ఆ మాటలు గట్టిగానే తగులుతున్నాయని అర్థం.

మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 60 మాటలు చదవాలని 2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ చదువుల పథకం నిపుణ్ భారత్ లక్ష్యం. తెలుగు మాటలు పొడవైనవి కాబట్టి ఆ అంకె పట్టుకొని బాబును భయపెట్టొద్దు. ప్రతి శనివారం ఒక నిమిషంలో ఎన్ని మాటలు సరిగా చదివాడో రాసిపెట్టుకోండి. పోయిన నెలకన్నా పెరిగితే దారి సరైనదే.

క్లాస్ టీచర్‌ను కలిసి ఒక్కటి అడగండి. అందరిముందు హఠాత్తుగా లేపి చదివించకుండా, రేపు ఏ పేరా చదవాలో ముందురోజే చెప్పమనండి. ఇంట్లో నాలుగుసార్లు చదువుకొని వెళతాడు.

మూడు నెలలు ఇలా క్రమంగా నేర్పినా కదలిక లేకపోతే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) పరీక్షలు చేయించాలి. మీ కుటుంబంలో చదవడానికి బాగా ఇబ్బందిపడినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి, ఇది వంశంలో రావచ్చు. వచ్చినవే మరిచిపోతున్నా, మధ్యలో కొన్ని క్షణాలు శూన్యంగా చూస్తుండిపోతున్నా మూడు నెలలు ఆగకుండా వెంటనే చూపించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యమూ ఒకటి. 8 ఏళ్లు నిండాకే ధ్రువపత్రం ఇవ్వాలని, 14, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షించాలని 2018 మార్గదర్శకాల్లో ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, సహాయకుడు వంటి వెసులుబాట్లకు అదే ఆధారం. ప్రత్యేక ఉపాధ్యాయుల కోసం మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) అడగండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు బాబు సొంతంగా రాసిన నోటుపుస్తకం, చెవి, కంటి పరీక్షల రిపోర్టులు, శనివారాల్లో మీరు రాసిపెట్టుకున్న లెక్క తీసుకెళ్లండి.