తొలి గెలాక్సీల వెలుగు ఇప్పుడెలా కనిపిస్తోంది?

ప్రశ్న: మొట్టమొదటి గెలాక్సీల్ని జేమ్స్ వెబ్ స్పేస్ టెలిస్కోప్ చూస్తోందంటున్నారు, దానికి ముందున్న హబుల్ టెలిస్కోప్‌కి ఎందుకు దొరకలేదండీ?

జవాబు: ఆ వెలుగు బయల్దేరి 1300 కోట్ల ఏళ్లు దాటింది, ఈలోగా విశ్వంతో పాటు దాని తరంగాలూ సాగిపోయి పొట్టి తరంగాల అల్ట్రావయొలెట్ కాస్తా పొడవాటి తరంగాల ఇన్‌ఫ్రారెడ్ అయిపోయింది, హబుల్ ఇన్‌ఫ్రారెడ్‌లో అంత దూరం చూడలేదు, 2021 డిసెంబర్ 25న వెళ్లిన వెబ్ 6.5 మీటర్ల అద్దంతో సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. బిగ్ బ్యాంగ్ అయ్యి, అంటే విశ్వం మొదలై, 30 కోట్ల ఏళ్లు కూడా నిండని కాలం నాటి గెలాక్సీ దొరికిందంటే చూడండి!

నన్నడిగితే అసలు విషయం రీఅయనైజేషన్, అంటే విశ్వంలోని హైడ్రోజన్ ఎలక్ట్రాన్లు మళ్లీ ఊడిపోవడం. అప్పట్లో అంతటా న్యూట్రల్ హైడ్రోజన్ పొగమంచులా పరుచుకుని ఉండేది, కొత్త నక్షత్రాల అల్ట్రావయొలెట్ వెలుగు దాని ఎలక్ట్రాన్లని ఊడగొట్టేసి బుడగలు బుడగలుగా దారి క్లియర్ చేసుకుంటూ పోయింది, ఆ బుడగలన్నీ కలిసిపోయేసరికి బిగ్ బ్యాంగ్ అయ్యి సుమారు 100 కోట్ల ఏళ్లు గడిచాయి. ఇందులో చిన్న గెలాక్సీల వాటా ఎంత, పెద్దవాటిదెంత అన్నదే ఇప్పుడు గట్టిగా నడుస్తున్న చర్చ.